తెలియనివారికే వేతనము

నా మనుమరాలు తెలుగు నేర్చుకొనుటకు అమెరికా ప్రభుత్వము వేతన మిచ్చుచున్నదని 2022వ సంవత్సరమున నా కుమారుడు టెలిఫోనులో చెప్పినపుడు, అది పరిహాసమని తలచితిని. ఇంట ఉచితముగ దొరకవలసిన దానికి పరాయి ప్రభుత్వము సొమ్మిచ్చుట యేమి? కాని యది పరిహాసము కాదు. ఆ బాలిక యచ్చటనే పుట్టి పెరిగినది. అచ్చటి యొక విశ్వవిద్యాలయమున దక్షిణాసియా ప్రాంతాధ్యయన శాఖలో పట్టము పిదప చదువు చదువుచుండెను. గోదావరి డెల్టా కాలువల చరిత్ర ఆమె పరిశోధించు విషయము. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెనని యామెకు తెలియును. ఆ కాలువ క్రింద నీరు పెట్టుకొను రైతుతో నాలుగు మాటలాడుట మాత్రము తెలియదు.

ఈ వేతనపు పుట్టుక విచిత్రమైనది. 1957లో రష్యావారు స్పుత్నిక్కును ఆకాశమున కెగురవేయగా అమెరికావారికి గుండెదడ పుట్టి, 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టమును చేసికొనిరి. రాకెట్లకు గణితము కావలెనని తలచినవారే, లోకుల భాషలు రానిచో లోకము తెలియదనియు తలచిరి. రక్షణ పేరిట వచ్చిన యా చట్టమున మన భాషకును మూల నింత చోటు దొరకినది. అంతకు పదేండ్లు ముందుగనే, 1948లో, నార్మన్ బ్రౌన్ అను సంస్కృత పండితుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున దక్షిణాసియా శాఖను నెలకొల్పియుండెను. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు డాక్టరు పట్టమును పొందినది ఆ విశ్వవిద్యాలయముననే. మరి 1962 మొదలు, మనము తెప్పించుకొన్న గోధుమలకు రూపాయలలో చెల్లించిన సొమ్ములో కొంత వెచ్చించి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసువారు మన దేశమున అచ్చయిన పుస్తకములను కొని యచ్చటి విశ్వవిద్యాలయ గ్రంథాలయములకు పంపిరి. మా పట్టణమున తూకమున కమ్ముడుపోయి పొట్లములైన నవలలు అచ్చట గట్టి యట్టలతో అలమారులలో నిలిచియున్నవి. మేము తిన్న గోధుమరొట్టెకు ఇట్టి ఫలమొకటి కలదని నేనెన్నడు నెరుగను.

వేతనపు నియమములను మనుమరాలు నాకు చదివి వినిపించెను. ముప్పదియేండ్లు లెక్కల ఉపాధ్యాయుడనై యుంటిని గనుక నియమములన్న నాకు ప్రీతి. విద్యార్థి ఆ దేశపు పౌరుడైనను స్థిరనివాసియైనను కావలెను. ఉత్త భాష చదివిన చాలదు. దానితోపాటు ఆ ప్రాంతపు చరిత్రయో, రాజకీయములో, సమాజమో చదువవలెను. వేసవి వేతనమైనచో ఆరు వారములకు తక్కువ కాకుండ చదువు సాగవలెను. అక్షరములనుండి మొదలు పెట్టువారు 140 గంటలు గురువు నెదుట కూర్చుండవలెను. మాతృభాషవలె ధారాళముగ వచ్చిన భాషకు వేతనము లేదు.

ఈ కడపటి నియమము నా మనసున ముల్లువలె నాటినది. మా బంధువులలో, నా భార్య అన్నగారి కూతురు, ఇచ్చట తెలుగు ఎం.ఏ. చదివి, అమెరికాలో మరియొక చోట అట్టి శాఖలోనే పరిశోధనకు చేరినది. ఆమెకు రెండు తలుపులును మూసియున్నవి: పౌరసత్వము లేదు, తెలుగు వచ్చును! వేతనము పొందినవారికి గుణింతములు చెప్పి ఆమె తన ఖర్చులు గడుపుకొనుచుండెను. పండితురాలికి లేని సొమ్ము పామరురాలికా యని నేను మండిపడితిని. ఆమె నవ్వి, "మామయ్యగారూ, రోగము లేనివారికి మందియ్యలేదని కోపమెందులకు? వారి దేశమున తెలుగు రానివారు తెలుగు నేర్వవలెననియే గదా వారి సొమ్ము. శ్రీకాకుళము దాటిన ఒరియా మాట వినబడును. మన యింట నొకరికైన నందొక యక్షరము వచ్చునా?" అనెను. నాకు రాదు. నా తండ్రికిని రాదు.

పాఠకులకు నిజము చెప్పవలసియున్నది. నా కోపము నియమముపై కాదు. నా కుమారుని చిన్ననాట, 1980 ప్రాంతమున, పేరుగల ఇంగ్లీషు బడిలో చేర్చితిని. ఆ బడిలో తెలుగుమాట నోట వచ్చిన పావలా జరిమానా. వాడేడ్చుచు నింటికి వచ్చినపుడు నేను పావలా చేతిలో పెట్టి, "మంచి పద్ధతి" యని మెచ్చుకొంటిని. ఇంటర్మీడియట్టులో మార్కులు దండిగ వచ్చునని సంస్కృతమును రెండవ భాషగా తీయించితిని. ఆ సంస్కృతమును వాడు పరీక్షనాడే మరచినాడు. తెలుగు మాటాడును గాని కూడబలుకుకొని గాని చదువలేడు. వాని కూతునకు అదియు లేకపోయెను. తండ్రి కూతున కియ్యలేకపోయినది ఆమె 140 గంటలు కూర్చుండి నేర్వవలసివచ్చినది. ఆ బడివారిని నిందించి ప్రయోజన మేమి? పావలాలు నా జేబులోనివి.

2023 వేసవిలో ఆమె హైదరాబాదునకు వచ్చి అమెరికన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీసు వారి తెలుగు తరగతిలో చదివినది. 1961లో పుట్టిన యీ సంస్థలో సభ్యులు మనుష్యులు కారు, విశ్వవిద్యాలయములు. చదువు ముగియగానే మా యింటికి వచ్చి పది దినములుండెను. చేతిలో కృష్ణమూర్తి, గ్విన్ గార్ల వ్యాకరణము. గౌరవవాచకములే ముందుగా నేర్చుటచేత మా వీధికుక్కను గూడ "మీరిటు రండి" యని పిలుచుచుండెను. వాళ్ల నాయనమ్మ నవ్వి నవ్వి పొట్ట పట్టుకొన్నది.

ధవళేశ్వరము తీసికొనిపోతిని. లాకుల యొద్ద ముసలి లస్కరొకడు కూర్చుండియుండెను. ఆమె వ్యాకరణము చూడక, తడుముకొనుచునే, నీరు తక్కువైన యేట తూములు ఎవరికి ముందు తెరతురని యడిగెను. అతడు గంటసేపు చెప్పినాడు: వంతులు, రాత్రివేళ తలుపులెత్తు తగవులు, శివారు పొలములవారి యేడుపు. ఏబదియేండ్లు ఆ కాలువ గట్టున నడచిన నేను ఒక్కనాడైన ఆ ప్రశ్న యడుగలేదు. లస్కరు నావైపు తిరిగి, "ఈ పాప ఏ ఊరండీ?" యనెను. నేను బదులు చెప్పులోపల ఆమెయే, "మాది ఈ ఊరే" ననినది. క్రియాపదము లేని వాక్యము, తప్పులేదు.

2025 సెప్టెంబరులో ఆ ప్రభుత్వము ఆ యేటి వేతనపు నిధులను నిలిపివేసినది. ఆమెకు రావలసిన సంవత్సరము పోయినది. తెలుగు తరగతి మానుకొని వేరొక పనిలో గంటల లెక్కను కుదురుకొన్నది. ఆ వార్త చెప్పుచు, "తాతగారూ, ఆదివారము మీకు తీరికా?" యని యడిగినది. అప్పటినుండి మాకు ఉదయము, వారికి శనివారపు రాత్రి, ఫోనులో ఒక గంట పాఠము. నేను కాలువ కాగితములలోని మాటలు విప్పి చెప్పుదును; ఆమె వ్రాసికొనును.

మూడవ వారము పాఠము నడుమ వెనుకనుండి వేరొక గొంతు, "అది 'ఱ' యా, 'ర' యా?" యని యడిగినది. నా కుమారుడు. వానికి నలుబదియెనిమిదేండ్లు. ఇపుడు గుణింతములు దాటి ఒత్తులకు వచ్చియున్నాడు.