బోర్డు చూడు... సంచి నింపు!

ఎంవీపీ కాలనీలో ఎంవీపీ అంటే ఏంటని అడిగితే విశాఖపట్నంలో చాలామంది తడుముకుంటారు. మువ్వలవానిపాలెం... ఆ పేరే పొట్టిదై అలా మిగిలింది. పాలెం పోయి కాలనీ వచ్చింది. సెక్టార్లు, అపార్టుమెంట్లు, వాటి కింద సూపర్‌మార్కెట్లు వచ్చాయి. అయినా రోజూ తెల్లారేసరికి ఒక పల్లె మళ్లీ అక్కడికొచ్చి కూర్చుంటుంది. అదే రైతుబజారు.

ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచి బస్సుల్లో, ఆటోల్లో గంపలూ గోనెలూ దిగుతాయి. మంచు తడి ఆరని తోటకూర కట్టలు, లేత బెండకాయలు, గోరు గుచ్చితే పాలు కారేంత లేతగా ఆనపకాయలు (హైదరాబాద్ వాళ్లు సొరకాయ అనేది దీన్నే). ఏజెన్సీ కొండల నుంచి రాజ్మా, అల్లం, పసుపు. ఆదివారమైతే కాలు పెట్టే చోటుండదు. సంచి ముందు వెళ్తుంది, మనిషి వెనక వెళ్లాలి!

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. పంజాబ్‌లో అప్పటికే ఉన్న ‘అప్నీ మండీ’ లాంటి ఏర్పాటే. దళారీ ఉండడు. రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు, కూర్చునే చోటుకు కమీషన్ ఉండదు. ధర మాత్రం రైతు చెప్పేది కాదు, కొనేవాళ్లు అడిగేదీ కాదు. హోల్‌సేల్ రేటు కంటే కాస్త ఎక్కువగా, బయటి చిల్లర రేటు కంటే తక్కువగా ఉండేలా ఏ రోజుకారోజు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. కొత్తవాళ్లెవరైనా అలవాటు కొద్దీ బేరం మొదలుపెడితే ‘బోర్డు మీదుంది కదమ్మా, చూసుకోండి’ అన్న జవాబే వస్తుంది. బేరం లేకపోయినా కొసరుంది. నాలుగు రెబ్బల కరివేపాకు సంచిలో పడకుండా ఆ గంప ముందు నుంచి కదిలేవాళ్లు తక్కువ.

ఈ బోర్డును రెండు రకాలుగా చదవొచ్చు. ఇంట్లోనే చీటీ రాసుకొచ్చి, ఆ కూరల రేట్లు మాత్రం చూసి నిట్టూర్చడం ఒకటి. బోర్డంతా చదివి, ఏది దిగివచ్చిందో చూసి, ఆ వారం ఏం వండాలో అక్కడే నిలబడి ఖాయం చేసుకోవడం రెండోది. తక్కువ డబ్బుతో బాగా తినే ఇళ్ల కిటుకు ఈ రెండోదాంట్లోనే ఉంది.

2023 జులైలో టమాటా కిలో వంద దాటింది. ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకే ఇప్పించింది. 2019 చివర్లో ఉల్లిపాయలు 25 రూపాయలకు ఇచ్చినప్పటిలాగే మళ్లీ బారులు. పేద ఇంటికి అది పెద్ద ఊరటే, కాదనలేం. కానీ పప్పులోకి పులుపు కావాలంటే టమాటాయే ఉండాలా? టమాటా రాకముందు తెలుగిల్లు పులుపు లేకుండా తినలేదు. చింతపండు, గోంగూర, చుక్కకూర, వేసవిలో మామిడికాయ, అది అయిపోయాక మామిడి ఒరుగులు... ఒకటి ప్రియమైతే ఇంకొకటి. ఆ వరుస అమ్మమ్మలకు నోటికి వచ్చు. టమాటా కోసం బారులు తీరిన రోజుల్లోనూ వానాకాలపు గోంగూర పుంటి కట్టలుగా అక్కడే ఉంది.

ఇంటి ఖర్చుల మీద కేంద్ర ప్రభుత్వం 2022-23లో చేసిన సర్వే ఒక తమాషా చెబుతుంది. దేశంలో పట్టణవాసి నూరు రూపాయలు ఖర్చుపెడితే అందులో తిండికి పోయేది 39. అందులోనూ కూరగాయలకు నాలుగు రూపాయల కంటే తక్కువే. బయటి వంటకాలు, చిరుతిళ్లు, ప్యాకెట్ సరుకు, పానీయాలకు మాత్రం పదిన్నరకు పైనే! ఆదివారం సంచి పట్టుకుని రూపాయి రూపాయికీ లెక్క చూసేది ఆ నాలుగు రూపాయల దగ్గరే. పదిన్నర దగ్గర ఎవరూ రేటు కూడా అడగరు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు ఒక్కొక్కరికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంటికి వారానికి లెక్కేస్తే 11 కిలోల 200 గ్రాములు. రైతుబజారు గేటు దాటే సంచుల్లో చాలావాటికి అంత బరువుండదు. ఉన్నదాంట్లోనూ బంగాళాదుంపలు, ఉల్లిపాయలదే పైచేయి. ఆకుకూర ఒకటో రెండో కట్టలు, అదీ ‘కడిగి తరుక్కునే ఓపికెక్కడిది’ అని గొణుక్కుంటూనే.

ఆ గొణుగుడు ఖరీదైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. సంచి మోసేది, వండేది, చివర్లో మిగిలింది తినేది కూడా వాళ్లే! ఆకుకూర ఒక్కటే దీనికి మందు కాదు. కానీ తోటకూర, మునగాకు, ఉలవలు వారంలో రెండు మూడుసార్లు కంచంలోకి రావడానికి పెద్ద ఖర్చేం లేదు. పైన నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తినగానే టీ తాగితే పట్టదు.

ఇక్కడ రాగులకు చోళ్లని పేరు. వంద గ్రాముల్లో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. చోడి అంబలి ఇప్పుడు కొత్తగా ఆరోగ్య పానీయమైంది కానీ, ఈ చుట్టుపక్కల పల్లెల్లో అది పొలానికెళ్లే ముందు తాగే చద్ది.

చేపలు తినేవాళ్లకు ఇంకో వెసులుబాటుంది. కాలనీకి ఆనుకుని పెదజాలరిపేట. వంజరం ముక్క మీద మోజు తగ్గించుకుంటే కవళ్లు, నెత్తళ్లు చవగ్గా వస్తాయి. నెత్తళ్లు ముల్లుతో సహా తినేయొచ్చు కాబట్టి కాల్షియం అదనం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం. అప్పుడు తాజా చేప ధర పైకెక్కుతుంది. ఎండు నెత్తళ్లు, వంకాయ కలిపి వండే పులుసుకు అదే అదను.

పొద్దెక్కేకొద్దీ ఆకుకూరలు వాడతాయి. తిరిగి మోసుకెళ్లలేరు గనక బోర్డు మీద ఉన్నదానికంటే తగ్గించి, మూడు కట్టలు కలిపి ఒక కుప్పగా పెడతారు. వాటి కోసమే ఆలస్యంగా వచ్చేవాళ్లున్నారు. పొద్దున్నే వచ్చి ఏరుకునేవాళ్లకు లేతవి, వీళ్లకు చవకవి. గంప ఖాళీ అయ్యాక రైతమ్మలు కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకుంటారు. వాళ్ల ఇంట్లోకీ కందిపప్పు కావాలి, నూనె కావాలి, పిల్లలకు ఏదైనా పట్టుకెళ్లాలి. పప్పుల దుకాణం ముందు ఆగి, ఆ బోర్డు మీది రేట్లు పైనుంచి కిందిదాకా చదివి, అరకిలో తూయించుకుని ఆనందపురం బస్సెక్కుతారు.