మనోవర్తి లెక్కలు, మావయ్య లెక్కలు

‘మొగుడూ పెళ్లాల తగువుల్లో డబ్బులేటొస్తాయమ్మా? ఆళ్ల దగ్గరే లేవు, నీకేటిస్తారు?’

నేను విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ లా కాలేజీలో చదువుతుండగా, ఫ్యామిలీ లా వైపు వెళ్తానంటే మా పెద్ద మావయ్య ఇంటిల్లిపాది ముందూ అన్న మాటిది. ఫ్యామిలీ కోర్టులో వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదని కూడా ఎవరో ఆయన చెవిన వేశారు. నిజమే, 1984 చట్టం 13వ సెక్షన్లో ఆ మాట ఉంది. కోర్టు అనుమతితో వకీళ్లు రోజూ వాదిస్తూనే ఉన్నారన్నది మాత్రం ఆయనకెవరూ చెప్పలేదు. మూడు లక్షలు అప్పు చేసి హైదరాబాదులో కార్పొరేట్ లా డిప్లొమా చెయ్యమన్నారు. నేను చెయ్యలేదు. ఆ మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఆ సలహాకు లెక్క కట్టి చూడండి. మూడు లక్షలు, 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. నెలకు ఈఎంఐ సుమారు 6,520. అంతా కలిపి కట్టేది 3.91 లక్షలు. 2020లో ఎన్‌రోల్ అయి శ్రీకాకుళం వచ్చాక నాకు నికరంగా ఉన్న రాబడి జూనియర్ లాయర్లకు ప్రభుత్వం ఇచ్చిన లా నేస్తం ఒక్కటే, నెలకు 5,000. సీనియర్ గారిచ్చేది బస్సు చార్జీలకు సరి. తిండికి పైసా తియ్యకుండా ఆ 5,000 మొత్తం బ్యాంకుకే పోసినా నెలనెలా 1,520 లోటు. మూడేళ్ల లా నేస్తం 1,80,000, మూడేళ్ల ఈఎంఐలు 2,34,720. ఆ తేడా 54,720 ఎక్కణ్నుంచి తేవాలి? మా ఇంట్లో తాకట్టుకు పనికొచ్చేది అమ్మ మెళ్లో గొలుసొక్కటే.

ఫ్యామిలీ లాకు నేను వేరే పెట్టుబడి పెట్టలేదు. ఆ రెండు పేపర్లూ ఎల్‌ఎల్‌బీలో అందరికీ తప్పనిసరే. పట్టు దొరికేది కోర్టు హాల్లోనే. అందుకే సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా అర్జీలు రాసిపెట్టేదాన్ని.

2020 నవంబరు 4న రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఇద్దరూ ఆస్తులూ అప్పుల అఫిడవిట్ వెయ్యాలి. మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే ఇవ్వాలి. కేసు రెండేళ్లు నడిచి నెలకు 5,000 ఆర్డరైతే, ఆ తేదీ తేడాయే 1,20,000. మావయ్య లెక్కలోకి రానిది ఇదే.

పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే ఒకామె ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్ పెట్టుకుని వచ్చింది. నెలకు 4,000 ఆర్డరుంది. భర్త చెన్నైలో. డబ్బు పడి 28 నెలలైంది. ‘అన్నీ కలిపి ఒక్కసారే అడుగుదామనుకున్నానమ్మా’ అంది. రావాల్సింది 1,12,000. కానీ పాత సీఆర్‌పీసీ 125, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 144వ సెక్షన్ ప్రకారం బకాయి పడిన ఏడాదిలోపు అడిగితేనే వారెంటు. పన్నెండు నెలలవి 48,000 వసూలు చేయించగలిగాను. మిగతా 64,000కు వారెంటు దారి మూసుకుపోయింది. నాకామె ఇచ్చిన ఫీజు 6,000, రెండు విడతల్లో. ఇలాంటి విడతలతోనే నా ఇల్లు గడుస్తోంది, అప్పు లేకుండా. మావయ్య తప్పు చెప్పారని నేను గట్టిగానే అంటాను.

మనోవర్తి ఆర్డరు చేతిలో ఉండి డబ్బు అందని అక్కచెల్లెళ్లు ఏడాది దాటనివ్వకండి. ఫీజుకు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు అక్కడ వకీలు ఉచితం, ఆదాయ పరిమితి లేదు.