మన బోలీలో లేదా?

మాది దేవరకొండ దిక్కు తండా. ఎల్బీ నగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. మెట్రో రద్దీలో పుస్తకం తెరవలేం కాబట్టి ఫోన్‌లో నవలలు వింటా.

మొదట విన్నది మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'. 1924లో మొదటి భాగం వచ్చింది. మొగల్తూరు పిలగాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకు బయల్దేరి అడుగడుగునా నవ్వులపాలైతడు. నేనూ నవ్విన. మెట్రో స్టేషన్‌లో మొదటిసారి ఎస్కలేటర్ ముందు కాలు పెట్టలేక నిలబడ్డది గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. తన కథ తనే చెప్పుకుంటడు, అందుకే వినడానికి బాగుంటది.

నవీన్ 'అంపశయ్య' (1969) మాత్రం చదవాల్సిందే. ఉస్మానియా హాస్టల్‌లో ఉండే రవి ఒక్క రోజు ఆలోచనలు అవి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకుతయి. ఎన్నో పేజీలు వెనక్కి తిప్పి చదివిన. చెవికి ఆ వీలు తక్కువ.

దసరా సెలవుల్లో పార్వతీశాన్ని మా యాడికి వినిపించిన. అమ్మకు చదువు రాదు. కాసేపు విని, "మంచిగ చెప్తుండు గానీ సగం మాటలు తెలుస్తలేవు. మన బోలీలో లేదా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

మన గోర్ బోలీకి సొంత లిపి లేదు, గొంతు ఉంది. ఆ రాత్రే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "చిన్నప్పుడు ఏం చేసేదానివి?" అని అడిగిన. నలభై నిమిషాలు చెప్పింది. బడికి పంపమని తను ఏడ్చిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఈసారి ఇంటికి పోతే మీరూ అడగండి. కోయ, గోండి, ఏ భాషైనా సరే.