గూడెంలో కత్తికి కాడ

రైలు ఏలూరు దాటిన దగ్గర్నుంచి నా కళ్ళు కిటికీకే అతుక్కుపోయాయి. మాది నిజామాబాద్ జిల్లా. ఎటు చూసినా బండరాళ్ళ గుట్టలే. ఇక్కడ మాత్రం చేలు, కాలవలు, మళ్ళీ చేలు!

తాడేపల్లిగూడెంలో దిగగానే ఉల్లిపాయల లారీల ఘాటు ఎదురొచ్చింది. నా సంచిలో హైదరాబాదు మిత్రుడు చేసిన కత్తి అలుగు ఉంది. 1095 ఉక్కు, సుమారు 2 శాతం నికెల్ ఉన్న 15ఎన్20 ఉక్కు పొరలుగా పేర్చి, కాల్చి, సాగగొట్టి చేశాడు. అంత ఖరీదైన ఉక్కు పిడిలో దాగిపోవడమెందుకని కాడను బొటనవేలంతే ఉంచాడు. మిగతా పొడవుకు మామూలు ఇనుము అతకాలి.

కొలిమి ఎక్కడని అడిగితే ఒకాయన రన్‌వే వైపు పంపారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే అది, ఊరిని ఆనుకునే ఉంది! ఇంకొకాయన నన్ను వెనక్కి తిప్పి, ముందు టిఫిన్ చెయ్యమన్నారు. ఉప్మా పెసరట్టు, అల్లప్పచ్చడి. సర్వపిండి తిని పెరిగిన నోటికి అది పండగే.

మా ఊరి కొలిమిలో కొడవళ్ళు, నాగలి కర్రులు కనిపిస్తాయి. టిఫినయ్యాక చేరిన ఈ కొలిమిలో గోడ పొడుగునా కొల్లేటి చేపలు కోసే కత్తులే.

"కూర్చోండి, ఆయ్. దీన్ని తొందరపెట్టకూడదండి," అన్నారు కొలిమి పెద్దాయన. అలుగు చూసి మురిసిపోయారు. "కాడ కొంచెం ఉంచడం మంచిదయ్యిందండి. మెడ దగ్గరే అతికితే బరువంతా అక్కడే పడుద్ది."

రెండు కొసలనూ ఏటవాలుగా అరగదీసి, కొలిమి అంచున వేడెక్కించారు. తేమ లేకుండా కాచిన లో హైడ్రోజన్ రాడ్‌తో వెల్డింగు చేశారు. చల్లారకముందే ఊక బూడిదలో పాతేశారు. కర్బనం ఎక్కువున్న ఉక్కు గబుక్కున చల్లారితే అతుకు పక్కనే పెళుసెక్కి విరుగుతుంది. రైసుమిల్లుల ఊళ్ళో ఊక బూడిదకు కరువేముంది! సాయంత్రం బూడిదలో వేలు పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. నాకెంత ఆనందమేసిందో!

"బాబాయ్, మా జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవాళ్ళు," అన్నాను. అక్కడి తయారీని చూసి వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిన వివరం 1832లో అచ్చయింది. మూసలో కరిగించిన ఆ ఉక్కుకు చారలు లోపల్నుంచే పుడతాయి, పొరలు అతకనక్కర్లేదు. పెద్దాయన పని ఆపి విన్నారు. "మా నాన్నగారు ఇనప గొడ్డలి నోటికి ఉక్కు పెట్టేవారండి. ఇసక చల్లి, కొలిమిలోనే అతికేవారు," అన్నారు. ఎలాగో చేత్తో చూపించారు కూడా.

మీరు వెళ్తే అలుగుకు పదును పెట్టకముందే, అంటే కాల్చి నూనెలో ముంచి గట్టిపరచకముందే తీసుకెళ్ళండి. పెట్టాక వెల్డింగు చేస్తే ఆ వేడికి పదును దిగిపోతుంది. తర్వాత పదును పెట్టేటప్పుడు కూడా అలుగును మాత్రమే నూనెలో ముంచాలి, అతుకును ముంచకూడదు. చివర ఫెర్రిక్ క్లోరైడ్‌లో నానబెడితే నికెల్ పొర తెల్లగా, రెండోది నల్లగా తేలి, కాలవ నీటి మీది తరగల్లా కనిపిస్తాయి. అదే రోజు తిరుగు టికెట్టు మాత్రం తీసుకోకండి. బూడిదలోంచి మర్నాటిగ్గాని తీయరు. ఈలోగా ఆటపాక వెళ్ళి కొల్లేటి గూడబాతుల్ని చూసి రావచ్చు.