నకారం ఎక్కడికి పోయింది?

పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చువేయడం ఏమంత కష్టం, ఎదురుగా పెట్టుకుని ఎత్తిరాస్తే సరిపోదా అని చాలామంది అనుకుంటారు. ఉన్నది ఒక్క ప్రతి అయితే సరిపోతుంది. రెండో ప్రతి చేతికొచ్చిందంటే ఇక నిద్ర పట్టదు. అవి రెండూ ఒకే మాట చెబితే ఒట్టు.

మా పలమనేరుకూ ఈ పనికీ దూరపు చుట్టరికం ఒకటుంది. జేకబ్ చేంబర్లిన్ అనే అమెరికను మిషనరీ డాక్టరు 1863లో మదనపల్లెకు మకాం మార్చకముందు మా ఊళ్ళోనే ఉండేవారు. తెలుగు బైబిలును కొత్తగా తర్జుమా చేయడానికి ఏర్పడ్డ సంఘానికి ఆయన 1873 నుంచి అధ్యక్షులు. తర్జుమా అన్నాక మూలం చూడాలి కదా! పాత నిబంధనకు మూలం హీబ్రూ. మరి హీబ్రూలో ఏ ప్రతి? ఆ కాలంలో అచ్చులో దొరికే హీబ్రూ పుస్తకాలకు చాలావరకు ఆధారం 1524-25లో వెనిస్ నగరంలో అచ్చయిన ప్రతి. అంతకు పూర్వపు రాతప్రతుల మాటేమిటి?

ఈ సందేహం మా వీధి పాస్టరుగారి దగ్గర పెట్టాను. నేను తెలుగు పండితుడిగా రిటైరైనవాణ్ణి. పాఠాంతరాలంటే నాకు పకోడీలంత ఇష్టం. ఆయన లావుపాటి హీబ్రూ పుస్తకం ఒకటి తెచ్చి చూపించారు. పైన పెద్దక్షరాల్లో మూలం, అడుగున చీమలబారులాగా చిన్నచిన్న అక్షరాలు. "అసలు పని కిందనే ఉంది, అయ్యవారూ" అన్నారు.

హీబ్రూలో పూర్వం హల్లులే రాసేవారు. అచ్చుల గుర్తులు పెట్టి, మాటలు లెక్కగట్టి, పాఠాన్ని కాపాడినవారు మసొరేతులనే పండితులు. వారి నిగ్రహం చూడండి. ఒకచోట రాతలో ఒక మాట ఉండి, సంప్రదాయంగా చదివేది మరొకటైతే రాతను దిద్దలేదు. చదవవలసిన మాటను పక్కన అంచులో రాశారు. తప్పని తోచినా తాతలు రాసిన అక్షరాన్ని చెరపలేదు!

వారి సంప్రదాయంలో 930 ప్రాంతపు ప్రతి ఒకటి సిరియాలోని అలెప్పోలో ఉండేది. 1947 అల్లర్లలో అక్కడి యూదుల ప్రార్థనామందిరం తగలబడింది. ఆ తరువాత ఆ ప్రతిలో చాలా ఆకులు కనబడకుండా పోయాయి. పూర్తిగా నిలిచినవాటిలో అతి పాతది 1008 ప్రాంతంలో కైరోలో రాసినది. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ గ్రంథాలయంలో ఉంది. జర్మనీలో రుడాల్ఫ్ కిట్టెల్ 1906లో ఆరంభించిన పరిష్కరణ 1937 నాటి కూర్పుకు వచ్చేసరికి ఈ ప్రతినే ఆధారం చేసుకుంది. 2004 నుంచి మరొక కొత్త కూర్పు సంపుటాలుగా వెలువడుతోంది. నూరేళ్ళు దాటినా పని తెమలలేదన్నమాట.

ఎందుకు తెమలదో ఒక్క ఉదాహరణ చెబుతాను. నూట నలభై అయిదవ కీర్తన అక్షరమాల వరుసలో సాగుతుంది. హీబ్రూ అక్షరాలు ఇరవై రెండు. చరణాలు మాత్రం ఇరవై ఒకటి. నకారంతో మొదలుకావలసిన చరణం లేదు! ఆ అక్షరంతో 'పడిపోయింది' అనే అశుభపు మాట మొదలవుతుంది కనుకనే విడిచిపెట్టారని ప్రాచీన యూదు గురువు ఒకరు సమాధానం చెప్పారు. మన కవులు కావ్యాదిని అశుభ గణాలు రాకుండా జాగ్రత్తపడలేదూ? అలాగే. కాని పాత గ్రీకు అనువాదంలో ఆ చరణం ఉంది. 1956లో మృతసముద్రం దగ్గరి గుహలో దొరికిన హీబ్రూ చుట్టలోనూ ఉంది. ఇంకేం, దొంగ దొరికాడు అనుకుంటాం. తీరా చూస్తే ఆ చరణం రెండవ సగం, కాస్త కింద ఉన్న మరో చరణం రెండవ సగమే! ఖాళీ చూసి ఎవరో అల్లి ఉండవచ్చు కదా?

నేనిదంతా ఇంట్లో చెబుతుంటే మా ఆవిడ పప్పు ఏరడం ఆపి, "ఏమండీ, ఇది మా గురువారం పాట గొడవలాగే ఉందే!" అంది.

నిజమే. మా అత్తగారి చేతిరాత నోటుపుస్తకంలో వారాల పాట ఒకటుంది. రోజుకొక చరణం. గురువారం లేదు. మదనపల్లెలో ఉన్న మా వదినగారు మాత్రం గురువారం చరణం పాడతారు, అమ్మే నేర్పిందంటారు. "అమ్మ పాడగా నేనెన్నడూ వినలేదు" అని చెల్లెలు. ఈ మాట మీద అక్కచెల్లెళ్ళు రెండు దసరాలు ముభావంగా గడిపారు. ఇప్పుడు మా మనవరాలు తన పెళ్ళికి ఆ పాటలు ఎత్తిరాసి ఇమ్మంది. రాయవలసినవాణ్ణి నేను!

లోకంలో దీనికి రెండు దారులున్నాయి. పుణెలో భండార్కర్ సంస్థవారు 1919 నుంచి 1966 దాకా శ్రమించి మహాభారతాన్ని పరిష్కరించారు. ప్రతులన్నీ పోల్చి మేలైన పాఠం పైన పెట్టారు. వినాయకుడు వ్యాసునికి లేఖకుడైన కథ సైతం అనుబంధంలోకి వెళ్ళింది. హీబ్రూ కూర్పుల్లో ఎక్కువ వాటి దారి వేరు. ఒక ప్రతిని ఉన్నదున్నట్టు పైన నిలిపి, తక్కినవారి సాక్ష్యం అడుగున రాస్తారు. పాస్టరుగారి పుస్తకంలో నకార చరణం అక్కడే, ఆ చీమలబారులో ఉంది.

నేను రెండవ దారి పట్టాను. అత్తగారి పాట పైన, గురువారం లేకుండానే. అడుగున గీత గీసి, వదినగారి చరణం, "పెద్దమ్మాయి పాడే పాఠం" అని.

వదినగారు చూసి, "నన్ను కిందికి దించేశారా, మరిదిగారూ?" అన్నారు.

"దించలేదండీ, సాక్షిగా నిలబెట్టాను" అన్నాను.

ఆవిడ కాసేపు పుస్తకం తిప్పి, చెల్లెలి వైపు చూసి, "పోనీలే, అమ్మ అక్షరం కదిలించలేదు" అన్నారు. ఆ పూట ఇద్దరూ కలిసి గారెలు వండారు. గురువారం పాడాలో మానాలో ఇక మా మనవరాలి ఇష్టం. రెండూ తన చేతిలో ఉన్నాయి.