గ్రిప్పుంది కదా!

మా అంబాసిడర్ గురించి ఎప్పట్నించో ఒక టపా రాయాలనుకుంటున్నా. రాస్తే దాని గొప్పలే రాయాలనుకున్నాను. చివరికి దాని టైర్ల గురించి, అంతకంటే ఎక్కువగా నా తెలివితక్కువతనం గురించి రాయాల్సొస్తోంది. సొంత కారున్న వాళ్ళు, ముఖ్యంగా కారును సెల్లార్లో పెట్టి ఆరాధించే వాళ్ళు, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మాది ప్రొద్దుటూరు. మా అబ్బ (నాయనకు నాయన, మా వైపు తాతని అలాగే అంటాం) 1992లో ఒక డీజిల్ అంబాసిడర్ కొన్నాడు. దాని పుట్టుపూర్వోత్తరాలు చాలామందికి తెలిసినవే. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకి మన బొట్టు పెట్టి, హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో తయారీ మొదలుపెట్టారు. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. మా బండి మాత్రం ఆగలేదు. నాయన 2022లో కూడా ఓపిగ్గా తిరిగి రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళకు రెన్యువల్ చేయించినాడు.

ఆగలేదు అన్నానే గానీ పెద్దగా తిరిగిందీ లేదు. నెలకోసారి గుడికో, పెళ్ళికో. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు దాటితే గొప్ప. మిగతా రోజులంతా రేకుల షెడ్డులో, కడప బండల మీద, నాయన తుడిచి తుడిచి మెరిపిస్తే అద్దంలా నిలబడి ఉంటుంది.

2024 మే. నేను బెంగుళూరు నుంచి సెలవు పెట్టి ఇంటికి పోయాను. పులివెందులలో మా చిన్నాయన కొడుకు ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశం. జేజి అంబాసిడర్ అయితేనే వస్తానంది (మిగతా కార్లలో కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలంట). దారిలో జమ్మలమడుగులో మేనత్తను ఎక్కించుకుని, ముద్దనూరు మీదుగా పులివెందుల పోవాలని ప్లాను. నాలుగేళ్ళు పులివెందుల జేఎన్‌టీయూలో చదివినవాణ్ణి, ఆ దారి నాకు కొత్త కాదు.

బయల్దేరే ముందు నాయన నన్ను అడిగినాడు, "రేయ్, ఇంజనీరువి కదా, టైర్లు ఒకసారి చూడు" అని. ఎగతాళికే అన్నాడనుకోండి. నేను మాత్రం సీరియస్‌గా కూర్చుని, ఒక్కో టైరు గాడిలో రూపాయి బిళ్ళ పెట్టి లోతు చూసినా. కారు టైరుకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని చదివి ఉన్నా. మా టైర్లకి అంతకు మూడు నాలుగు రెట్లు ఉంది. "సూపర్‌గా ఉన్నాయి నాయనా, ఇంకా పదేళ్ళు తిరుగుతాయి" అని సర్టిఫికెట్ ఇచ్చేసినా. గుర్తుంచుకోండి, ఆ మాట అన్నది నేనే.

జమ్మలమడుగులో గాలి పట్టించేటప్పుడు పంక్చర్ షాపు పిల్లోడు వంగి చూసి, "అన్నా, టైర్లకు పక్కన చీలికలు పడినాయే" అన్నాడు. చూసినా. నిజమే, గోడ పొడవునా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు, ఎండిన చెరువు మట్టి మాదిరి. "గ్రిప్పు చూడబ్బీ, కొత్తదాని మాదిరి ఉంది కదా" అన్నాడు నాయన. నేనూ తలూపినా. ఆ పిల్లోడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. వాడు చెప్పింది ఇద్దరం వినలేదు.

అత్త ఇంట్లో భోంచేసి రెండు గంటలకు బయల్దేరినాం. మే నెల, మధ్యాహ్నం రెండు, కడప జిల్లా. నేనింక వర్ణించక్కర్లేదు. బండిలో ఐదుగురం, డిక్కీ నిండా సారె సామాను.

ముద్దనూరు దాటి తొండూరు వైపు పోతుండగా వెనక నుంచి దడదడమని మొదలైంది. నేను రోడ్డు బాలేదేమో అనుకున్నా. "బండికి ఏమైందిరా, దడుచుకున్నట్టు కొట్టుకుంటాంది" అంది జేజి. నాయన బ్రేకు గట్టిగా తొక్కకుండా, వేగం తగ్గించుకుంటూ మెల్లగా పక్కకు తీసి ఆపినాడు. ఆయన ఆ పని సరిగ్గా చేసినాడు కాబట్టే ఇప్పుడు ఇది తీరిగ్గా రాయగలుగుతున్నా.

దిగి చూస్తే ఎడమ వెనక టైరు మీద అరచెయ్యంత మేర ఉబ్బి ఉంది. పైనున్న రబ్బరు పట్టా లోపలి పొరల్నించి ఊడి లేచింది. గాలి ఇంకా పోలేదు. ఇంకో రెండు మూడు కిలోమీటర్లు పోయుంటే పగిలేది. సరిగ్గా దాని మీద, వెనక సీట్లో ఎడమవైపు, కూర్చున్నది ఎనభై రెండేళ్ళ జేజి. నాకు చేతులు వణికినాయి. చెప్పడానికి సిగ్గేం లేదు.

స్టెప్నీ తీసినాం. అది నిగనిగలాడుతోంది. ఒక్క కిలోమీటరు కూడా తిరిగినట్టు లేదు, రబ్బరు ముళ్ళు కూడా ఊడలేదు. "చూసినావా, కొత్తది" అన్నాడు నాయన. ధైర్యం వచ్చింది. దాన్నే వేసుకుని మెల్లగా పులివెందుల చేరినాం.

అసలు కథ అక్కడుంది. మరుసటి రోజు పులివెందులలో ఒక పాత పంక్చర్ షాపుకు పోతే, అక్కడి పెద్దాయన ఉబ్బిన టైరును పక్కన పడేసి, బండికున్న స్టెప్నీ దగ్గర కూర్చున్నాడు. గోడ మీద ఒకచోట దుమ్ము తుడిచి, "ఇది చదువు సార్" అన్నాడు. కోడిగుడ్డు ఆకారపు చిన్న గడిలో నాలుగంకెలు: 3604.

"ముప్పై ఆరో వారం, 2004వ సంవత్సరం. నీ స్టెప్నీకి ఇరవై ఏండ్లు సార్. పగిలిన దానికి 2211, పదమూడేండ్లు. నువ్వు కొడుకును తీసేసి తండ్రిని ఎక్కించినావు" అన్నాడు.

నా ముఖం చూడాలి అప్పుడు! నా ఉద్యోగమే సర్వర్లు చూసుకోవడం. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయితే సైటు పడిపోతుంది, దాన్ని ఎవరైనా వాడినారా లేదా అన్నదాంతో సంబంధం లేదు. ఆ సైటుకు రోజుకు ఒక్క మనిషి రాకపోయినా తేదీ దాటితే దాటినట్టే. ఈ ముక్క జూనియర్లకు నేనే పాఠం చెప్తుంటా. మరి మా ఇంటి బండికి వచ్చేసరికి "గ్రిప్పుంది కదా" అన్నాను!

తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది ఇది. టైరుకు రెండు గడియారాలు. ఒకటి కిలోమీటర్లది, అది గాడిలో కనపడుతుంది. రెండోది క్యాలెండర్‌ది, అది రబ్బరు లోపల తిరుగుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని కనిపెట్టాడు. గొలుసుల్లాంటి రబ్బరు అణువుల్ని గంధకం ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక కూడా వేడి, ఆక్సిజన్ ఆ ముళ్ళను మారుస్తూనే ఉంటాయి. రబ్బరు మెత్తదనం పోయి పెళుసెక్కుతుంది. పొరల మధ్య పట్టు సడలుతుంది. ఇదంతా లోపల జరిగే పని, పైకి కనపడకపోవచ్చు కూడా.

ఇంకో విచిత్రం. వాడని టైరు భద్రంగా ఉంటుందనుకుంటాం కదా, అది తప్పు. ఓజోన్ తినేయకుండా రబ్బరులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే అవి లోపల్నించి పైకి వచ్చి పొరలా కాపాడతాయి. నెలల తరబడి నిలబెడితే ఆ పని సరిగా జరగదు, చీలికలు త్వరగా పడతాయి. అంటే మా నాయన బండిని ప్రేమగా దాచిపెట్టిన కొద్దీ టైర్లు ముసలివైపోయినాయి!

ఎండ సంగతి సరే సరి. అమెరికాలో రహదారి భద్రతా సంస్థ టైర్ల వయసు మీద పరిశోధన చేయడానికి పాత టైర్లను అరిజోనాలోని ఫీనిక్స్‌లో సేకరించింది. కారణం అక్కడి వేడి. మన ముద్దనూరు, ఎర్రగుంట్ల ఎండ చూసిన వాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఖరీదైన కార్లకూ మినహాయింపు లేదు. 2013 నవంబరులో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదం గుర్తుందా? ఆయన స్నేహితుడు నడుపుతున్న పోర్షా అది. గంటకు 130 నుంచి 150 కిలోమీటర్ల వేగమే ప్రధాన కారణమని పోలీసులు తేల్చారు. దాంతోపాటు తొమ్మిదేళ్ళు దాటిన టైర్ల వల్ల కూడా బండి పట్టు తగ్గి ఉండొచ్చని చెప్పారు.

మరి ఎప్పుడు మార్చాలి? మిషెలిన్ లాంటి కంపెనీలు చెప్పేది: ఐదేళ్ళు దాటాక ఏడాదికోసారి తెలిసినవాళ్ళతో చూపించాలి, తయారైన తేదీ నుంచి పదేళ్ళు నిండితే ఎంత బాగా కనపడినా తీసేయాలి, స్టెప్నీతో సహా. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్ళకే మార్చమంటాయి. పక్క గోడల మీద, గాడుల అడుగున చీలికలు, ఎక్కడైనా ఉబ్బు, గోరుతో నొక్కితే చెక్కలా గట్టిగా ఉండడం, నున్నటి రోడ్డు మీద కొత్తగా వణుకు... వీటిలో ఏ ఒక్కటి కనపడినా తేదీ కోసం కూడా ఆగకూడదు.

సరే, ఇంతకీ మా బండి. పులివెందుల పెద్దాయన "దీంతో ప్రొద్దుటూరు పోవద్దు సార్, మెల్లగా పోయినా వద్దు" అని ఖరాఖండిగా చెప్పాడు. బండిని చిన్నాయన వాళ్ళ కొత్త ఇంటి ముందు వదిలేసి అందరం ఆర్టీసీ బస్సెక్కినాం. నాయన కిటికీ పక్కన కూర్చుని ముద్దనూరు దాకా నోరు విప్పలేదు. బండిని వదిలేసి వచ్చినందుకు కోపం అనుకున్నా. తర్వాత మెల్లగా అన్నాడు, "ఆ నాలుగు టైర్లు మా నాయన వేయించినాడ్రా. వేయించిన ఐదు నెలలకే పోయినాడు. ఆయన చేతి మీదుగా ఆ బండికి జరిగిన ఆఖరి పని అది."

నేనేం మాట్లాడలేకపోయా. చీలికలు ఆయనకు కనపడలేదని కాదు. కనపడినా చూడదల్చుకోలేదు. నేనేమో గ్రిప్పు చూసి ఆయన కోరుకున్న జవాబే ఇచ్చినాను.

టైర్లు వెతకడం ఇంకో ప్రహసనం. 5.90-15 సైజు ఇప్పుడు ప్రతి కొట్టులో దొరకదు. ఒక షాపులో "కొత్తవి సార్, కవరు కూడా తీయలేదు" అని చూపించారు. తేదీ చూస్తే అప్పటికే నాలుగేళ్ళు! బిల్లు మీద తేదీ కొత్తదే, రబ్బరు వయసు మాత్రం పాతదే. పాత మోడళ్ళకి ఇది మామూలంట, అమ్ముడుపోక మూలన పడుంటాయి. వద్దని చెప్పి, ఇంకో మూడు వారాలు ఆగి, ఆ ఏడాదే తయారైనవి ఐదు తెప్పించినాం. ట్యూబులు కూడా కొత్తవే వేయించినాం. డబ్బు మిగులుతుందని రెండే మార్చి, అందులోనూ పాత రకానికి రేడియల్ కలిపి తిప్పే వాళ్ళుంటారు, ఆ పని చేయకండి. రెండు రకాల టైర్లూ మలుపుల్లో ఒకలా నడవవు.

అబ్బ వేయించిన టైర్లలో ఒకటి షెడ్డు వెనకుంది. నాయన దాంట్లో మట్టి పోసి కనకాంబరాలు వేసినాడు. షెడ్డు గోడ మీద మాత్రం తెల్ల పెయింటుతో ఐదు టైర్ల తేదీలు రాసి, పక్కన "2030" అని పెట్టుకున్నాడు. ఆరేళ్ళ లెక్క. నేను కూడా ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నా.

ఇంకో రిమైండర్ కూడా పెట్టుకున్నా. నేను ఆర్నెల్లకోసారి ఇంటికి పోయి, నాయన ముఖం చూసి, "బాగున్నాడు" అనుకుని తిరిగొచ్చేవాణ్ణి. ఫోన్లో అడిగినా "నాకేమిరా, బాగుండా" అంటాడు. అదీ గ్రిప్పు చూసినట్టే కదా! ఇప్పుడు "బాగుండావా" అని అడగడం మానేసినా. "షుగరు, బీపీ ఆఖరిసారి ఏ తేదీన చూపించుకున్నావు?" అని అడుగుతున్నా. మొదట్లో విసుక్కున్నాడు. పోయిన నెల తనే ఫోన్ చేసి తేదీ చెప్పినాడు :)

మీకు అంబాసిడర్ ఉండకపోవచ్చు. కానీ 2020లో ఇంటినుంచి పని మొదలయ్యాక సెల్లార్లో నిలబడిపోయిన కార్లు మనలో చాలామందికి ఉన్నాయి. మీటరు మీద ఇరవై వేలు కూడా దాటి ఉండదు, గ్రిప్పు బ్రహ్మాండంగా ఉంటుంది. 2018లో కొన్న కారైతే టైర్లకు అప్పుడే ఏడేళ్ళు దాటినాయి. ఈ సాయంత్రం కిందికి పోయి ఆ నాలుగంకెలు చదవండి. ముందు స్టెప్నీది చదవండి.