రవిక కొలత

స్త్రీల యుడుపులలో రవికవలె మేని నంటియుండునది వేఱొకటి లేదు. కుదిరిన సుఖము, కుదురకున్న దినమెల్ల బాధ. అయినను దీనినిగూర్చి మాటలాడుటకు మనము సిగ్గుపడుదుము.

ఱొమ్మునకు ఆధారమిచ్చు వస్త్రము మనకుఁ గ్రొత్తది కాదు. అమరకోశమున చోళము, కూర్పాసకము అను పేళ్లు గలవు. దక్షిణదేశపు విగ్రహములలో శ్రీదేవికిఁ గుచబంధము చెక్కుట శిల్పుల సంప్రదాయము. మేము కాపురముండు జనగామ ప్రాంతపు పల్లెలలో వృద్ధులు తొడుగు ముడిరవికకు బొత్తాములు లేవు. ముందఱి రెండు కొసలను ఱొమ్ముక్రింద ముడివైతురు. గర్భమునను, బాలెంతతనమునను మేను మాఱినకొలఁది ముడియు మాఱును. మహబూబాబాదు తండాలలో లంబాడీ స్త్రీల కాంచళికి వీఁపున గుడ్డకు మాఱుగా త్రాళ్లుండును. బిగించుటయు, వదలించుటయుఁ దొడిగినవారి యిష్టము.

నేఁటి రవిక యట్లు కాదు. ఒకసారి కత్తిరించిన నంతే. భూపాలపల్లినుండి వచ్చిన మా మేనకోడలు, చంటిబిడ్డ తల్లి, ఎప్పుడును వంగి నడచుచుండెను. కారణ మడుగఁగా, “అత్తా, నా యొడలే సరిగా లేదని దర్జీ చెప్పినాఁడు” అని కన్నీరు పెట్టుకొనెను. 1213వ సంవత్సరపు రామప్పగుడి మదనికల మేనులన్నియు నొక్క తీరుననే యుండును. దర్జీ యా రాతిబొమ్మలకుఁ గుట్టుచున్నాఁడు కాఁబోలునని మేము నవ్వి, కొలతపట్టీ తీసితిమి.

చుట్టుకొలత 36 అంగుళములైన యిద్దఱిలో నొకరికి వీఁపు వెడల్పు, మఱియొకరికి ఱొమ్ము నిండుగా నుండవచ్చును. కావున ఱొమ్మునకుఁ బైనను, నిండైనచోటను, క్రిందను వేఱువేఱుగాఁ గొలువవలెను. భుజమునుండి చనుమొనవఱకును, రెంటి నడుమను గల దూరములును గావలయును. నిండు కొలతకును, క్రింది కొలతకును భేదమెంత యెక్కువయో టక్కు లంత లోఁతుగా నుండవలెను. వాని మొనలు చనుమొనకు నించుమించు అంగుళము దూరముననే యాఁగవలెను. టక్కులు చాలనిచోఁ గటోరీ కత్తిరింపు మేలు. ఱొమ్ము జాఱినవారికిఁ గ్రిందిపట్టీ గట్టిగా నుండి, బరువును భుజములపైఁ బడనీయక తానే మోయవలెను. ప్రక్కలు సమముగా లేనిచోఁ బెద్దదానికి సరిపడఁ గత్తిరించి, రెండవవైపు లోపల మెత్తని గుడ్డ కుట్టవలెను. అట్టి స్వల్పభేదము చాలమందికి సహజమే. క్రొత్తగాఁ గనఁబడిన మార్పైనను, గడ్డయైనను వెంటనే వైద్యులకుఁ జూపవలెను. పాలిచ్చు తల్లికి ముందు తెఱపియు, కుట్లలోపల విప్పుకొనుటకుఁ గొంత గుడ్డయు నుంచవలెను.

ఈ విధమునఁ గుట్టిన రవిక తొడిగి మా మేనకోడలు నిటారుగా నడచినది.

సోదరీమణులారా! మీ కూఁతులకు, కోడండ్రకు మీరే కొలతలు తీసి యిండు. తప్పిన కుట్టును విప్పి మరలఁ గుట్టవచ్చును. ఆఁడుదాని మనసున నాటిన మాటను విప్పుట కష్టము.